వరసలో మొదటి పేరు

నా సర్వీసు మొత్తంలో నేను రాసిన కాగితాల్లో అది అతి చిన్నది. తొమ్మిది మాటలు, ఒకదాని కింద ఒకటి. రాయడానికి పది నిమిషాలు పట్టిందేమో. ఆ పది నిమిషాల పని ఒక మనిషిని దాదాపు రోడ్డున పడేసింది. కంప్యూటర్ ముందు కూర్చుని డేటాతో కుస్తీ పట్టే చిన్నవాళ్లు ఎవరైనా చదువుతారని రాస్తున్నాను. మీ చేతుల్లో ఉన్న సాఫ్ట్‌వేర్లు అప్పటివాటికన్నా తెలివైనవే కావచ్చు. నాకు వాటి మీద పెద్దగా అనుమానం లేదు. వాటికి మొదటి మాట అందించే మనిషి మీదే అనుమానం.

నేను చదివింది స్టాటిస్టిక్స్. పెళ్లయి కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చాక, ఊరి పక్కనున్న సచిన్ పారిశ్రామికవాడలో పాలిస్టర్ గుడ్డకు రంగు వేసే ఒక మిల్లులో, నీళ్లు పరీక్షించే ఉద్యోగం దొరికింది. రిటైరయ్యేనాటికి ఆ ల్యాబ్‌కు ఇన్‌చార్జిని. ఇప్పుడు చెప్పబోయేది రిటైర్మెంటుకు నాలుగైదేళ్ల ముందు జరిగింది.

మగ్గాల నుంచి వచ్చే రంగు వేయని గుడ్డను అక్కడ గ్రే అంటారు. దాన్ని జెట్ మెషిన్‌లోకి ఎక్కించి, రంగు కలిపిన నీళ్లలో ఒత్తిడి పెట్టి ఉడికిస్తారు. పెద్ద ప్రెషర్ కుక్కర్ అనుకోండి. ఒకసారి ఉడికే గుడ్డంతా ఒక లాట్. ప్రతి లాట్‌కూ ఒక కార్డు. గుడ్డ ఎక్కడిది, ఏ మెషిన్, ఏ ఆపరేటర్, వేడి ఎంత వేగంగా ఎక్కింది, అన్నీ ఆ కార్డు మీద రాయాలి.

ఆ ఏడాది ఎండాకాలం నుంచి లాట్లలో మరకలు మొదలయ్యాయి. అన్నింటిలో కాదు. వారానికి రెండో మూడో. ముదురు నీలం గుడ్డను వెలుతురులో పరిస్తే, ఎవరో తడి చేతులు విదిలించినట్టు చుక్కలు. మరకలకన్నా వేగంగా అనుమానాలు పాకాయి. రంగు వేసేవాళ్లు గ్రే అమ్మినవాడిని అనుమానించారు. గ్రే కొనేవాళ్లు రంగుపొడిని అనుమానించారు. రంగుపొడి కంపెనీ మనిషి వచ్చి, నేనిచ్చిన టీ తాగి, మా ల్యాబ్‌ను అనుమానించి వెళ్లాడు. నేను అందరినీ అనుమానించాను. అది నా ఉద్యోగంలో భాగమే అనుకున్నాను.

కొన్నాళ్లకు నా అనుమానం ఒక మనిషి దగ్గర ఆగింది. అతను మా జెట్ మెషిన్ల ఆపరేటర్లలో ఒకడు. సిరిసిల్ల పక్క పల్లె. కుర్రతనంలోనే మగ్గం పనికి సూరత్ వచ్చాడు. మగ్గాల చప్పుడుకు ఒక చెవి పోతే, మా డైయింగ్ మాస్టర్ అతన్ని తీసుకొచ్చి రంగుల పని నేర్పాడు. మాస్టర్ అంటే ఏ రంగు ఎలా పట్టాలో చెప్పే పెద్ద మేస్త్రీ; లాట్లన్నీ ఆయన మాట మీదే నడుస్తాయి. ఆపరేటర్ తక్కువ మాట్లాడేవాడు. అడిగింది వినబడలేదేమో అనిపించేంత ఆలస్యంగా జవాబు చెప్పేవాడు. అనుమానించేవాళ్లకు ఆ ఆలస్యం చాలు.

ఇంకా ఉన్నాయి. అతని కార్డులు కొన్ని మొదటి గడి నుంచి చివరి గడిదాకా ఒకే పెన్నుతో, ఒకే ఒత్తుతో, ఒకే విడతలో రాసినట్టు ఉండేవి. నాలుగు గంటల లాట్‌లో గంటగంటకూ రాయాల్సిన కార్డు అలా ఎందుకుంటుంది? ఒకసారి ఒక కార్డు మీద సంతకం పెట్టనన్నాడు. కారణం చెప్పలేదు. పైగా సాఫ్ట్‌నర్ గదిలోంచి ఒక సీసా చొక్కా చాటున పెట్టుకుని బయటికి రావడం నా కళ్లతో చూశాను. బోరు నీళ్లలోని ఉప్పులు తీసేసి మెత్తబరిచే యంత్రం ఆ గదిలో ఉంటుంది. ఆపరేటర్లకు అక్కడ పని లేదు.

ఆ రోజుల్లోనే మా మేనేజరు ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్‌ను పిలిపించాడు. నలభై దాటిన, నెమ్మదైన మనిషి. కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఏది దేనివల్ల జరుగుతోందో బొమ్మ గీయిస్తానన్నాడు. దాన్ని బేసియన్ నెట్‌వర్క్ అంటారు. ప్రతి విషయం ఒక సున్నా. ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద ఉంటే మధ్యలో ఒక బాణం. స్టాటిస్టిక్స్ చదివి పాతికేళ్లపాటు నీళ్లు కొలిచినదాన్ని, నా ప్రాణం లేచొచ్చింది.

"ఒక్కటే కావాలి మేడమ్," అన్నాడు లెక్చరర్. మా మాటలన్నీ హిందీలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. "ఉన్న విషయాలు తొమ్మిది. వీటి మధ్య గీయగల బొమ్మలు లెక్కలేనన్ని. అన్నీ వెతకడం నా కంప్యూటర్ వల్ల కాదు. మీరు ఒక వరస రాసివ్వండి. వరసలో ముందున్నది వెనకదానికి కారణం కావచ్చు. వెనకది ముందుదానికి కాకూడదు. మిల్లు సంగతి తెలిసింది మీకే."

మాస్టర్ అప్పుడు నా గదిలోనే టీ తాగుతున్నాడు. నేను పెన్ను తీశాను. మొదట ఏం రాయాలా అని ఒక్క క్షణం ఆగాను.

"మనిషే కదా మేడమ్ అన్నిటికీ ముందు," అన్నాడు మాస్టర్, కప్పులోకి చూస్తూ. "మనిషి చెయ్యి పెట్టాకే మెషిన్ కదులుతుంది."

ఎంత సబబుగా ఉందో చూడండి ఆ మాట. నా మనసులో అప్పటికే ఉన్నది ఆయన నోట వచ్చింది, అంతే. ఆపరేటర్ అని మొదట రాశాను. దాని కింద షిఫ్టు, గ్రే గుడ్డ, రంగు, మెషిన్, నీళ్ల గట్టిదనం, ఆమ్లం, వేడెక్కిన వేగం, మరకలు. లెక్చరర్ ఆ కాగితం మీద నా సంతకం అడిగాడు. ఎందుకని అడిగితే, "అలవాటు," అన్నాడు. ఇతనెవడో తన మీదికి ఏమీ రాకుండా చూసుకునే మనిషి అనుకుని, అతన్నీ కొంచెం అనుమానించి, సంతకం పెట్టాను.

వారం తర్వాత బొమ్మ వచ్చింది. నీళ్ల గట్టిదనం నుంచి మరకలకు లావుపాటి బాణం. ఉప్పులు తీయని గట్టి నీళ్లలో రంగు సరిగా కరగక చుక్కలు పడతాయి. అందులో వింత లేదు. ఆ నీళ్ల గట్టిదనంలోకి ఇంకో బాణం వచ్చింది, ఆపరేటర్ నుంచి. ఆ బాణం వెనక ఉన్న పట్టిక తెరిచి చూస్తే, ఒక్క ఆపరేటర్ టోకెన్ నంబరు దగ్గరే గట్టి నీళ్లు పడే అవకాశం మిగతావాళ్లకన్నా ఎంతో ఎక్కువ. నేను అనుమానించిన మనిషి నంబరే.

మిగతాది నాకు నేనే అల్లుకున్నాను. సాఫ్ట్‌నర్‌కు ఒక బైపాస్ వాల్వ్ ఉంటుంది. దాన్ని తిప్పితే బోరు నీళ్లు మెత్తబడకుండానే నేరుగా ట్యాంకులోకి పోతాయి. మెషిన్ తొందరగా నిండుతుంది, లాట్ తొందరగా దిగుతుంది. ఇతను దొంగచాటుగా ఆ వాల్వ్ తిప్పుతున్నాడు. సీసా, కార్డులు, పెట్టని సంతకం, అన్నీ ఒక దారానికి పూసల్లా ఎక్కాయి. మేనేజరుకు నివేదిక ఇస్తున్నప్పుడు నా గొంతులో గర్వం కూడా ఉండే ఉంటుంది.

మేనేజరు బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "కంప్యూటర్ చెప్పిందంటే ఇక మాటేముంది? సోమవారం తీసేస్తున్నామని చెప్పేద్దాం. నీళ్లలో చెయ్యి పెట్టినవాడని వాడలో అందరికీ తెలియాలి."

తెలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. సచిన్‌లో మాస్టర్లందరూ ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారు. నీళ్లు పాడుచేశాడన్న పేరు పడ్డవాడికి ఏ మెషిన్ దగ్గరా చోటుండదు. తెలిసి కూడా తల ఊపాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం సాఫ్ట్‌నర్ గదికి వెళ్లాను. మనిషిని వాల్వ్ దగ్గరే పట్టుకుంటే సోమవారం ఇంకెవరూ నోరెత్తరని నా ఆలోచన. అనుకున్నట్టే అతను లోపలున్నాడు. చెయ్యి మాత్రం వాల్వ్ మీద లేదు. పంపు నుంచి సీసాలోకి నీళ్లు పట్టి, అందులో సబ్బు తరుగు వేసి గిలకొడుతున్నాడు. నన్ను చూసి ఆపలేదు.

"ఇక్కడేం చేస్తున్నావ్?" అన్నాను.

"నీళ్లు చూస్తున్న మేడమ్."

"దానికి ల్యాబ్ ఉంది కదా."

"ల్యాబ్ రిపోర్టు గంటకొస్తది. గంటల గుడ్డ సగం ఉడుకుతది. సబ్బైతే నిమిషంల చెప్తది." సీసాను వెలుతురుకు ఎత్తి చూపించాడు. నురగ లేదు. పైన తెల్లటి తెట్టు. "చూసిన్రా, ఖరాబ్ ఉన్నయి. ఉంటయని ఎరుకే. అందుకే గద నన్ను పిలిచిన్రు."

"ఎవరు పిలిచారు?"

అతను తలుపు వైపు చూశాడు. వినబడలేదేమో అనుకుని మళ్లీ అడిగాను.

"నేను పోవాలె మేడమ్. ఈ నీళ్లకు మందు జర ఎక్కువెయ్యాలె. వేడి మెల్లగ ఎక్కియ్యాలె. లేకుంటె మరక వడ్తది." సీసా చొక్కా చాటున పెట్టుకుని వెళ్లిపోయాడు.

పట్టుబడ్డవాడు చెప్పే కథలాగే ఉందనుకున్నాను. అయినా ఆ 'అందుకే' అన్న మాట నన్ను వదల్లేదు. ల్యాబ్‌కు వెళ్లి, టైమ్ ఆఫీసు నుంచి డ్యూటీ చార్టు తెప్పించి కార్డుల పక్కన పెట్టాను. మరకలు పడ్డ లాట్లలో అతని పేరున్న చాలా కార్డులకు, చార్టులో వేరే ఆపరేటర్ పేరుంది. అంటే ఆ పూట ఆ మెషిన్ అతనిది కాదు. తర్వాత వచ్చాడు. కార్డు మాత్రం మొదటి నుంచి అతని చేతిరాతే.

శనివారం లెక్చరర్ దగ్గరికి కాలేజీకి వెళ్లాను. "వరసలో ఒక్క మార్పు చేయండి. నీళ్లను ఆపరేటర్ పైన పెట్టండి."

ఆయన రెండు పేర్లు అటూ ఇటూ మార్చి నడిపించాడు. కొత్త బొమ్మలో బాణం నీళ్ల నుంచి ఆపరేటర్‌కు వచ్చింది. నీళ్లు గట్టిపడితే ఆ మనిషి మెషిన్ దగ్గర ఉంటాడు అని.

"ఏది నిజం?" అన్నాను. "డేటాకు ఏది బాగా సరిపోయింది, దేని స్కోరు ఎక్కువ?"

"రెండింటిదీ దాదాపు ఒకటే."

"అంటే?"

"అంటే డేటాకు తెలీదు మేడమ్. ఈ రెండూ కలిసి తిరుగుతున్నాయని మాత్రమే దానికి తెలుసు. ఎవరి వెనక ఎవరు తిరుగుతున్నారో నేను మిమ్మల్నడిగాను. మీరు రాసిచ్చారు."

"ఈ ముక్క నివేదికలో ఎందుకు రాయలేదు?"

"రాశాను. పదకొండో పేజీ."

నేను మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. మేనేజరు మొదటి పేజీ దాటలేదు. పదకొండో పేజీ అక్కడే తెరిచి చదివాను. ఆయన రాసింది నిజమే. నేను తెరవని పట్టిక ఇంకోటి ఉంది, మరకల వెనకది. మొదటి బొమ్మలోనే ఆపరేటర్ నుంచి మరకలకు ఒక సన్నని బాణం ఉంది. నేరానికి అదనపు సాక్ష్యం అనుకుని దాని లోపలికి చూడలేదు. ఇప్పుడు చూస్తే, అంతే గట్టి నీళ్లలో మిగతావాళ్లు దించిన లాట్లకన్నా అతను దించిన లాట్లలో మరకలు తక్కువ. అందరి చేతిలో గుడ్డ పాడయ్యే నీళ్లలో కాస్తయినా దాన్ని కాపాడుతున్నది అతనే. వారం రోజులుగా ఆ పట్టిక నా బల్ల మీదే ఉంది.

సోమవారం మేనేజరు గదిలో అతన్ని తీసేస్తున్నట్టు ఉత్తరం టైపై ఉంది. మాస్టర్ కూడా వచ్చి కూర్చున్నాడు.

"ఆ బాణం ఉన్నట్టా లేనట్టా?" అన్నాడు మేనేజరు, నేను చూపించిన రెండో బొమ్మను పక్కన పెట్టి.

"ఉంది సర్. కానీ అది ఎటు చూడాలో చెప్పింది డేటా కాదు, నేను."

మాస్టర్ నవ్వాడు. "ఏంటి మేడమ్, నీళ్లే మనిషిని నడిపిస్తాయా ఇప్పుడు?"

"ఎవరైనా పిలిస్తే మనిషి నడిచొస్తాడు కదా మాస్టర్‌జీ."

ఆయన నవ్వు పోలేదు. కళ్లు మాత్రం బల్ల మీదికి దిగాయి. ఆ చూపుకు అర్థం ఏమిటో నాకు ఈనాటికీ రూఢిగా తెలీదు.

నేను అడిగింది ఇంతే. ఉన్న డేటాతో ఇది తేలదు. ఎనిమిది రోజులు ఆ మనిషిని మిల్లుకు దూరంగా ఉంచండి, జీతం కోయకుండా. నీళ్లు బాగుపడితే నా మొదటి వరస నిజం. బాగుపడకపోతే ఈ ఉత్తరం చించేయండి. మేనేజరు కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు.

అతన్ని పిలిచి ఎనిమిది రోజులు రావద్దని చెప్పారు. అతను మేనేజరు వైపు చూడలేదు, మాస్టర్ వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు.

"నేనేం జేసిన మేడమ్?"

ఆ గదిలో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. ఏమన్నా చెప్పి ఉండవచ్చు. "ఏం లేదు, ఒక పరీక్ష కోసం," అన్నాను.

"పరీక్ష నాకా, నీళ్లకా?"

అతను చేతిలోని టోపీ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

అదే సాయంత్రం బైపాస్ వాల్వ్ చక్రాన్నీ పక్కనున్న పైపునూ కలిపి ఒక సన్నని దారం కట్టాను. చక్రం తిరిగితే దారం తెగాలి. ఎవరికీ చెప్పలేదు. రోజూ మూడుసార్లు వెళ్లి చూసేదాన్ని. పాతికేళ్లు కలిసి పని చేసిన చోట దొంగలా అడుగులు వేయడం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఎవరైనా ఎదురైతే, నేను వాళ్లను అనుమానించినట్టే వాళ్లు నన్ను అనుమానిస్తున్నారని అనిపించేది.

మూడో రోజు మధ్యాహ్నం దారం తెగి ఉంది. ఆ పూట లాట్‌కు తీసిన నీళ్లు గట్టిగా వచ్చాయి. లాట్ నిండా మరకలు. మళ్లీ కట్టాను. ఐదో రోజు తెగింది. ఏడో రోజు తెగింది. మూడు లాట్లూ మునుపటికన్నా ఘోరంగా దిగాయి. వాటిని కాపాడే చెయ్యి ఇంట్లో కూర్చుని ఉంది.

తెగిన దారం ముక్కలు మాస్టర్ ముందు పెట్టాను. ఆయన ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాడు.

"పంపు అదురుకు తెగి ఉంటుంది మేడమ్."

"మూడుసార్లా? నీళ్లు గట్టిపడ్డ రోజే?"

ఆయన దారం ముక్కను బల్ల మీద పెట్టేశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. ఎండాకాలంలో ట్యాంకు అడుగంటుతోందట. సాఫ్ట్‌నర్ నింపేదాకా ఆగితే మధ్యలో ఉన్న లాట్లు పాడవుతాయి. అందుకని బైపాస్ తిప్పమని పైనుంచి మాట వచ్చిందట. తిప్పిన ప్రతిసారీ తన శిష్యుణ్ని పిలిచి మెషిన్ అప్పగించేవాడట, అలాంటి నీళ్లలో గుడ్డను దించగలిగింది అతనొక్కడే గనక. మధ్యలో చెయ్యి మారిన సంగతి కనబడకుండా పాత కార్డు చించి, కొత్తది మొదటి నుంచి రాయించేవాడట.

"వరస రాసేటప్పుడు మనిషిని ముందు పెట్టమన్నారే," అన్నాను. "అది ఊరికే అన్నారా?"

"ఊరికేనే మేడమ్," అన్నాడు. తనే నేర్పి పైకి తెచ్చినవాడి గురించి మాట్లాడుతూ ఆయన నా కళ్లలోకి చూడలేదు. మేనేజరును అడిగితే, బైపాస్ తిప్పమని తానెప్పుడూ అనలేదన్నాడు. ఇద్దరిలో ఎవరిది అబద్ధమో చెప్పే కాగితం లేదు. ఇద్దరిదీ కావచ్చు.

మేనేజరు ఉత్తరం చించి, ఆపరేటర్‌ను రమ్మని కబురు పెట్టించాడు. అతను ఫోన్ ఎత్తలేదు. ఆ వచ్చిన ఆదివారం నేనే సూరత్‌లోని ఖటోదరాలో అతను ఉండే గదికి వెళ్లాను. అతను లేడు. అతని భార్య, కాలేజీలో చదివే కూతురు ఒక చీరను చెరో అంచున పట్టుకుని రాళ్లు అంటిస్తున్నారు. భార్య లేచి కుర్చీ వేసింది, కానీ మంచినీళ్లు ఇవ్వలేదు. కూతురు తన ఫోన్ తీసి మా మధ్య స్టూలు మీద పెట్టింది.

"రికార్డ్ చేస్తున్న ఆంటీ. ఫిర్ మాట మారుస్తరేమో అని."

"మారుస్తానని ఎందుకనుకున్నావమ్మా?"

"మా డాడీ నీళ్లు పాడుచేసిండని కంప్యూటర్ల వచ్చిందట. గల్లీల అందరికీ ఎరుకే. ఇప్పుడు ఏమొచ్చింది కంప్యూటర్ల?"

ఉన్నదంతా చెప్పాను. వరస సంగతి, మొదటి పేరు సంగతి, తెగిన దారం సంగతి. భార్య చీర మీంచి తలెత్తలేదు. అంతా విని నెమ్మదిగా అంది. "మాకు చెప్పి ఏం ఫాయిదా మేడమ్? మాకు ముందే ఎరుక. నమ్మనోళ్లు మిల్లుల ఉన్నరు. ఆడ చెప్పుండ్రి, అందరి ముంగట."

కూతురు ఫోన్ ఆపింది. "ఇది నా దగ్గరనే ఉంటది ఆంటీ," అంది.

మేనేజరు వద్దన్నాడు. "తప్పు సరిదిద్దాం కదా. ఇక అందరి ముందూ చెప్పుకోవడం ఎందుకు? రేపు మిమ్మల్నెవరూ నమ్మరు." ఆ మాటలో బెదిరింపు ఉందో సలహా ఉందో తేల్చుకోలేకపోయాను. బుధవారం షిఫ్టు మారే వేళ, లోపలికి వచ్చేవాళ్లూ బయటికి వెళ్లేవాళ్లూ గేటు దగ్గర కలిసిన సమయంలో, సెక్యూరిటీ వాళ్ల బెంచీ ఎక్కి నిలబడ్డాను. ఆ వయసులో బెంచీ ఎక్కడానికి ఇద్దరు చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. మొదట హిందీలో, తర్వాత తెలుగులో చెప్పాను.

"నీళ్లు పాడుచేశాడని మీరు విన్న మనిషి ఆ పని చేయలేదు. పాడైన నీళ్లలో మన గుడ్డను కాపాడింది అతనే. కంప్యూటర్ అతని పేరు చెప్పలేదు. నేను అతని పేరు మొదట రాసి కంప్యూటర్ చేత చెప్పించాను. తప్పు నాది."

జనంలో గుసగుసలు లేచాయి. ఎవరో, "మరి నీళ్లెవరు పాడుచేశారు?" అని అరిచారు. "బైపాస్ తిప్పినందువల్ల పాడయ్యాయి. తిప్పింది ఎవరి మాట మీదో నా దగ్గర రుజువు లేదు. రుజువు లేకుండా ఇంకో పేరు చెప్పను," అన్నాను. కొంతమంది మాస్టర్ వైపు చూశారు. కొంతమంది పైన మేనేజరు కిటికీ వైపు చూశారు.

అతను గుంపు వెనకాల, బాగా వినబడే చెవి నా వైపు తిప్పి నిలబడి ఉన్నాడు. కూతురే పంపించి ఉంటుంది. కిందికి దిగి దగ్గరికి వెళ్లాను. క్షమించమన్నాను. అలవాటు ప్రకారం ఆలస్యంగా జవాబు చెప్పాడు.

"మాస్టర్ నాకు పని నేర్పిండు మేడమ్. అందుకే నోరు తెరవలే. మీరన్నా సక్కగ అడిగి ఉంటె, ఏమో, చెప్తుంటినేమో." ఒక్క క్షణం ఆగి, "షిఫ్టు టైమైంది, పోతున్న," అని లోపలికి నడిచాడు. క్షమించానని అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

మాస్టర్ దీపావళి సెలవులయ్యాక మా మిల్లుకు రాలేదు. వేరే చోట చేరాడన్నారు. తానే వెళ్లాడో, పంపించారో నాకు తెలీదు. బైపాస్ వాల్వ్‌కు తాళం పడింది. దాని తాళంచెవి మేనేజరు సొరుగులో ఉండేది. ఆ ఏర్పాటు కూడా నాకంతగా నచ్చలేదు.

చలికాలంలో లెక్చరర్ మళ్లీ వచ్చాడు, ఇంకోసారి బొమ్మ గీద్దామని. ఈసారి వరస నేనొక్కదాన్నే రాయనన్నాను. ఆపరేటర్లందర్నీ ల్యాబ్‌కు పిలిచి తలా ఒక కాగితం ఇచ్చాను. ఏది ముందు, ఏది వెనక, ఎవరికి తోచినట్టు వాళ్లు రాయండి, పక్కవాడి కాగితం చూడొద్దు అన్నాను. హిందీలో, గుజరాతీలో, ఒడియాలో రాశారు. ఏ రెండూ ఒకలా లేవు.

"ఇన్ని వరసలతో ఏం చేయను మేడమ్?" అన్నాడు లెక్చరర్.

"అన్నిటితోనూ నడిపించండి. ఎవరి వరసతో నడిపినా మారని బాణాలు ఏవైనా ఉంటే వాటి గురించి నాతో మాట్లాడండి. మారేవాటిని మిల్లులోకి వెళ్లి కళ్లతో చూసొద్దాం."

అతని కాగితం చివరన వచ్చింది. తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలు. మా తొమ్మిదీ కింద ఉన్నాయి. వాటన్నిటి పైన ఇంకో మాట రాసి ఉంది: ట్యాంకిల నీళ్లెన్ని ఉన్నయ్.

"ఇది మన డేటాలో లేదు కదా," అన్నాను. నిజంగానే లేదు. ఇన్నేళ్లలో ఏ కార్డు మీదా దానికి గడి లేదు. నీళ్లు అడుగంటితేనే కదా ఎవరో వాల్వ్ తిప్పేది, ఎవరో అతన్ని పిలిచేది.

అతను కాగితం వైపు, నా వైపు చూశాడు. "లేకుంటె రాయద్దా మేడమ్?"

ఆ వారంలోనే ట్యాంకు గోడ మీద అడుగడుగుకూ గీతలు గీయించి, కొత్త లాట్ కార్డులు అచ్చు వేయించాను. గంటకోసారి నింపాల్సిన మొదటి గడి ట్యాంకు మట్టం. కార్డులు అచ్చయి వచ్చిన రోజు ఆ మొదటి కట్ట అతనికే ఇచ్చాను. అతను ఒక కార్డు తీసుకుని, జేబులోంచి పెన్ను తీసి, ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూడటానికి వెళ్లాడు.